తొంభై ఆరు అయస్కాంతాలు, ఒక బీరువా

పరిగెత్తేదాన్ని ఆపడానికి మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన సాధనాలు రెండే. ఒకటి అయస్కాంతం, రెండోది కార్యాలయం. మొదటిది ఒక్కోసారి పనిచేయకపోవచ్చు. రెండోదాని మీద అలాంటి ఫిర్యాదు ఇంతవరకు రాలేదు.

ఈ రెండింటి మధ్యా ఇరుక్కున్న షావుకారు చేతిలో మొదట ఉన్నవి ఇవి. పన్నెండడుగుల కొట్టు ఒకటి. అందులో స్పీకర్లకీ మోటార్లకీ తలుపు బిగింపులకీ పనికొచ్చే అయస్కాంతాలు నాలుగు అరల నిండా. ముప్పై ఏళ్లుగా ఏ ఆఫీసుకీ సరుకు తక్కువ వేయలేదన్న పేరు. ఇంట్లో మంచం కింద ఒక రేకు పెట్టె, దాని నిండా ఖాళీ ఫారాలు.

ఈ చివరిదే తన అసలు ఆస్తి అని అతని నమ్మకం. ఏ ఆఫీసుకి సరుకు వేయడానికి వెళ్లినా అక్కడున్న ప్రతి ఫారమూ రెండేసి అడిగి తెచ్చుకునేవాడు. (ఒకటి నింపడానికి. ఇంకొకటి, నింపినది పోయాక నింపడానికి.)

"ఈ చిత్తు కాగితాలకి నా మంచం కిందే చోటు దొరికిందా?" అని భార్య ఇల్లు దులిపినప్పుడల్లా అడిగేది.

"చిత్తు కాదే అవి. ఇంకా పుట్టని పనులు."

"పుట్టినప్పుడు చెప్పండి, పేరు పెడదాం."

అలాంటి రోజుల్లో కాలప్రమాణ కార్యాలయం నుంచి ఆర్డరు వచ్చింది. దేశమంతటికీ టైమెంతో చెప్పే ఆఫీసు అది. 'బలములో క్రమముగా తేడా గల అయస్కాంతములు తొంభై ఆరు, విడివిడిగా లెక్కకు వచ్చునట్లు. ఉపయోగము: పరమాణువులను నెమ్మదింపజేయుట.'

షావుకారు ఆ చివరి మాట రెండుసార్లు చదివాడు. ముప్పై ఏళ్లలో పని తొందరగా అవ్వాలని సరుకు కొన్న ఆఫీసులే ఏ రెండో మూడో ఉంటాయి. పని నెమ్మదిగా అవ్వాలని డబ్బు పెట్టి కొనే ఆఫీసుని చూడటం ఇదే మొదలు. అదంతా వాళ్లకి ఊరికే వస్తుంది కదా అనిపించింది. సంగతేమిటో కనుక్కుని వద్దామని బయల్దేరాడు.

ఆ పని చూస్తున్నది డాక్టరమ్మ. భౌతికశాస్త్రంలో డాక్టరు. (మొదటి ఏడాది సిబ్బంది ఆవిడ దగ్గరికి దగ్గుకీ జలుబుకీ వచ్చేవారు. మందు ఇవ్వడం లేదని పైకి ఫిర్యాదు కూడా వెళ్లింది.) ఆవిడ గది నిండా అద్దాలూ తీగలూ. మధ్యలో మూరెడు పొడవున్న గొట్టం, అయస్కాంతానికి అంటని రకం ఉక్కుతో చేసింది, లోపలి గాలి మొత్తం తోడేసింది.

"బాబాయ్ గారూ, ఈ కొసన చిన్న కొలిమి ఉంది. అందులో లోహం వేడెక్కితే దాని పరమాణువులు సెకనుకి ఐదొందల మీటర్ల పరుగున బయటికొస్తాయి. వాటిని ఆ కొసకి చేరేసరికి నిలబెట్టాలి."

"నిలబెట్టి?"

"నాడి చూడాలి. ఒక్కో పరమాణువు సెకనుకి కొన్ని వందల లక్షల కోట్ల సార్లు కొట్టుకుంటుంది, ఒక్క దెబ్బ తేడా రాకుండా. ఆ దెబ్బలు లెక్కపెడితే అదే గడియారం. పరిగెత్తేవాడి నాడి చూడలేం కదా."

"నా అయస్కాంతాలు లాగి పట్టుకుంటాయా వాటిని?"

"లేదు. ఆపేది లేజరు వెలుగు. ఎదురుగా కొడతాం, ప్రతి దెబ్బకీ కాస్త నెమ్మదిస్తుంది. చిక్కేమిటంటే, నెమ్మదించిన పరమాణువుకి ఆ వెలుగు రంగు మారిపోయినట్టు ఉంటుంది. ఇంక పట్టించుకోదు, దాని దారిన అది పోతుంది. అందుకని అడుగడుగునా అయస్కాంతంతో దాని చెవి కాస్త మెలిపెట్టాలి. అప్పుడు మళ్లీ వింటుంది. ఇంకొంచెం నెమ్మదిస్తుంది. మళ్లీ చెవి. ఒక్కో చోట ఒక్కో బలం కావాలి."

షావుకారు ముఖం విప్పారింది.

"ఇదా! బేరం కుదరక వెళ్లిపోయేవాణ్ని వెనక్కి పిలవడం అన్నమాట. రెండు మెట్లు దిగాక ఒక ధర, నాలుగు మెట్లు దిగాక ఇంకో ధర. ఒకే ధర పట్టుకుని అరిస్తే వినడు. మెట్టు మెట్టుకీ మార్చుకుంటూ పోతే వీధిలోకి దిగేలోపు ఆగుతాడు."

"నాకు ఇది అర్థమవడానికి ఆరేళ్లు పట్టింది, బాబాయ్ గారూ," అంది డాక్టరమ్మ.

ఇక్కడ ఆ ఆఫీసు పరిస్థితి కొంత చెప్పుకోవాలి. కొత్త గడియారం మంజూరైన రోజునే పాత ప్రధాన గడియారానికి వీడ్కోలు సభ పెట్టి విధుల నుంచి తప్పించేశారు. దేశానికి టైము ఇవ్వడం ఆగలేదు, పక్క గదిలో వేరే యంత్రాలు ఆ పని చూసుకుంటున్నాయి. లేనిదల్లా ఆఫీసు హాజరుకి పనికొచ్చే టైమే. సిబ్బంది వేళలన్నీ 'ప్రధాన గడియారము ప్రకారము' అని నియమావళిలో ఉంది. ప్రధాన గడియారం లేదు. అందువల్ల రెండేళ్ల మూడు నెలలుగా ఆ ఆఫీసులో ఎవరూ ఆలస్యంగా రాలేదు. ఒక్క ఎర్ర గుర్తు కూడా లేని హాజరు పట్టీ చూసి ప్రభుత్వం క్రమశిక్షణ పతకం ఇచ్చింది. అది మెట్ల దగ్గర గాజు పెట్టెలో ఉంటుంది.

కొత్త గడియారం త్వరగా రావాలని అందరూ కోరుకున్నారు. అలా కోరుకుంటున్నట్టు ప్రతి నెలా తీర్మానం రాసి సంతకాలు కూడా పెట్టారు.

షావుకారు సరుకు సిద్ధం చేశాడు. ఇవి తలుపు బిగింపుల రకం కాదు. రెండు దగ్గరికొస్తే మధ్యలో వేలు ఉండకూడదు. అందుకని ఒక్కోదానికీ ఒక్కో చెక్క పెట్టె చేయించి, పెట్టె మీదా అయస్కాంతం మీదా రంగుతో ఒకే అంకె వేసి, గడ్డి కూరి తెచ్చాడు.

స్టోర్ కీపరు నియమావళి తీశాడు. ఉక్కు బల్ల, ఉక్కు కుర్చీ, వెనక నిలువెత్తు ఉక్కు బీరువా. మనిషి మెత్తనివాడే.

"షావుకారు గారూ, 'సరుకును ప్యాకింగు నుండి వేరుచేసి లెక్కించవలెను' అని ఉందండి."

"సార్, ఈ సరుకు పెట్టెల్లోనే లెక్కపెట్టాలి. అదీ చెక్క బల్ల మీద. బయటికి తీస్తే ఒకదాన్నొకటి వదలవు."

"మీరు పెట్టెలో రాయి పెట్టలేదని నాకెలా తెలుస్తుంది?"

"మూత తీసి చూడండి. బయటికి తీయకండి."

"చూడటం లెక్కపెట్టడం కాదండి," అని స్టోర్ కీపరు మొదటిది తీసి బల్ల మీద పెట్టాడు. టక్కుమని కూర్చుంది. రెండోది రెండడుగుల దూరంలో పెట్టాడు. ఐదు వరకు బాగానే సాగింది. ఆరోది ఐదోదాని మీదికి ఎగిరింది. ఏడోది ఈ రెండింటినీ వెతుక్కుంటూ వెళ్లింది. అక్కడితో ఆపొచ్చు. కానీ మధ్యలో ఆపితే మొదటి నుంచి లెక్కపెట్టాలని ఇంకో నియమం ఉంది, మొదటిది ఎక్కడుందో అప్పటికే తెలియదు. తొంభై ఆరూ అయ్యేసరికి బల్ల మీద గుమ్మడికాయంత ముద్ద ఒకటి తయారైంది. దాన్ని పక్కకి జరుపుదామని నలుగురు కలిసి బల్ల అంచుకి నెట్టారు. ముద్ద అక్కడి నుంచి తనంతట తానే బీరువా మీదికి దూకి, రెండు తలుపులూ కలిసేచోట అడ్డంగా అతుక్కుంది.

నలుగురూ వేళ్లు చూసుకున్నారు. అన్నీ ఉన్నాయి.

స్టోర్ కీపరు కలం తీసి రిజిస్టరులో రాశాడు. 'అయస్కాంతము, పెద్దది – 1. కొరత – 95.'

"ఇదేమిటి సార్! మీ చేత్తో మీరే కదా తొంభై ఆరూ తీశారు!"

"తీశానండి. కానీ రాసేటప్పుడు ఏముందో అది రాయాలి. తీసేటప్పుడు ఏముందో రాయడానికి గడి లేదు."

వారంలో తాఖీదు వచ్చింది. నెలాఖరులోగా తొంభై ఐదు కొరతకు సంజాయిషీ ఇచ్చి సరుకు పూర్తి చేయాలి. లేకుంటే కొట్టు పేరు అనర్హుల జాబితాకెక్కుతుంది. (ఆఫీసుకి గంటల విషయంలోనే చిక్కు. తేదీలు మాత్రం గోడ మీది క్యాలెండరు ప్రకారం సక్రమంగా నడుస్తున్నాయి.) ఆ జాబితా అన్ని ఆఫీసులకీ వెళ్తుంది. షావుకారు సరుకు నాలుగు పాళ్లయితే మూడు పాళ్లు పోయేది ఆఫీసులకే. జాబితాకెక్కితే కొట్టు మూసుకోవాల్సిందే. డాక్టరమ్మ పనికిచ్చిన గడువు కూడా ఆ నెలాఖరే. అప్పటికి పరమాణువులు ఆగకపోతే పని ఆగుతుంది.

ముద్దని విడదీస్తానంటే స్టోర్ కీపరు ఒప్పుకోలేదు. బీరువా స్టోర్స్‌ది కాదు, ఫర్నిచరు విభాగానిది. షావుకారు ఆ విభాగం అధికారిణి దగ్గరికి వెళ్లాడు. ఆవిడ శ్రద్ధగా విని కళ్లజోడు సర్దుకుంది.

"ముందు ఒక విషయం తేలాలండి. మీ సరుకు మా బీరువాకి అంటుకుందా, మా బీరువా మీ సరుకుకి అంటుకుందా?"

"రెండూ ఒకదాన్నొకటి లాగుతాయమ్మా."

"అయితే రెండు విచారణలు," అని ఆవిడ రాసుకుంది. "సరే, ఫర్నిచరుకి అతికిన వస్తువు తీయాలంటే తొలగింపు కమిటీ ఒప్పుకోవాలి. నేనే సభ్యురాలిని, నాకేం అభ్యంతరం లేదు."

"కమిటీ ఎప్పుడు కలుస్తుందమ్మా?"

"ప్రతి మంగళవారం మూడింటికి. ప్రధాన గడియారం ప్రకారం."

షావుకారికి సంగతి తట్టడానికి క్షణం పట్టింది. "అంటే..."

"రెండేళ్లుగా మూడవలేదండి," అంది ఆవిడ జాలిగా. "మేమూ చూస్తున్నాం."

గడియారం రావాలంటే అయస్కాంతాలు కావాలి. అయస్కాంతాలు రావాలంటే మూడవ్వాలి. మూడవ్వాలంటే గడియారం రావాలి. షావుకారు లేచి తలుపు దాకా వెళ్లాడు. మెట్టు దిగేముందు ఇంకో ధర చెప్పి చూద్దామని వెనక్కి తిరిగాడు.

"ఈ ఆఫీసులో గడియారం అక్కర్లేని కమిటీ ఒక్కటీ లేదా అమ్మా?"

అధికారిణి ఆలోచించింది. "వేలం కమిటీ ఉంది. పాడైపోయిన ఫర్నిచరు అమ్మేది. అది భోజనాలయ్యాక కలుస్తుంది."

"భోజనానికి గడియారం..."

"ఆకలి చాలండి."

"ఆ బీరువా తలుపులు తెరుచుకోవడం లేదు కదమ్మా. పాడైనట్టే కదా?"

ఆవిడ అతని వంక మొదటిసారి మనిషిని చూసినట్టు చూసింది. "పాడైనట్టే. ఫారం ఇరవై రెండు పెట్టాలి. కానీ ఆ ఫారాలన్నీ ఆ బీరువాలోనే ఉన్నాయి. ఇంకేమున్నాయో చెబుదామంటే, ఆ జాబితా కూడా అందులోనే ఉంది."

ఇంటికొచ్చి షావుకారు చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా మంచం కిందికి దూరాడు. భార్య వంగి చూసింది.

"ఏం పోయింది?"

"ఫారం ఇరవై రెండు. ఆకుపచ్చ కాగితం. ఆ ఆఫీసుకి ఫ్యాను మోటార్ల సరుకు వేసినప్పుడు తెచ్చాను."

"పైన వెతికితే ఎలా దొరుకుతుంది? ఆకుపచ్చవన్నీ అడుగున పెట్టాను, పురుగు పట్టకుండా," అని ఆవిడే పెట్టె లాగి, అడుగు నుంచి రెండు కాగితాలు తీసి దులిపింది. "పుట్టిందా?"

"పుట్టింది."

"మగా, ఆడా?"

"బీరువా."

ఫారంలో కారణం గడి దగ్గర 'తలుపులు తెరుచుకొనుట లేదు' అని రాశాడు. నియమం ప్రకారం స్టోర్ కీపరు మూడుసార్లు లాగి చూసి, నిజమేనని సంతకం చేశాడు. వేలానికి వచ్చినవాళ్లు ఇద్దరే, షావుకారూ ఇంకొక పాత ఇనుము వ్యాపారీ. ఆ రెండో ఆయన బీరువా పక్కన నిలబడి తాళాల గుత్తి తిప్పుతూ బేరం చూస్తున్నాడు. గుత్తి చేతిలోంచి ఎగిరి ముద్దకి అంటుకుంది. ఎంత లాగినా రాలేదు.

"నాకొద్దు బాబూ ఇది. దీనికేదో పట్టింది," అని ఆయన తాళాలు కూడా వదిలేసి వెళ్లిపోయాడు. వాటిని షావుకారు తర్వాత వాళ్లింటికి పంపాడు.

'బీరువా – 1, దానికి అనుబంధ వస్తువు – 1' అని రాసి కమిటీ అమ్మేసింది. స్టోర్స్ రిజిస్టరులో ఉన్న పెద్ద అయస్కాంతం అలా లెక్కలోంచి పోయింది.

బండి మీద కొట్టుకి చేరిన బీరువా ముందు మొగుడూ పెళ్లాం రెండు రోజులు కూర్చున్నారు. అతను చెక్క చీల దూర్చి ఒక్కో అయస్కాంతాన్నీ పక్కకి జార్చడం, ఆవిడ అంకె చూసి పెట్టెలో పెట్టి మూత వేయడం. ఈ రెండు రోజుల్లో ముప్పై ఏళ్లలో మాట్లాడుకోనన్ని మాటలు మాట్లాడుకున్నారు. అందులో ఎక్కువ భాగం "వేలు! వేలు!" అనేదే. తొంభై ఆరూ సరిపోయాయి.

చివరిది రాగానే బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల ఫారాలు, వాటి జాబితా, మూడేళ్ల కిందటి ఒక ఉత్తర్వు ఉన్నాయి. షావుకారు దాన్ని భార్యకి చదివి వినిపించాడు. 'ఇకపై అయస్కాంతములను ప్యాకింగు నుండి తీయక, చెక్క బల్లపై మాత్రమే లెక్కించవలెను. ఈ ఉత్తర్వును ఎల్లప్పుడు అందుబాటులో ఉంచవలెను.'

నెలాఖరు ఇంకా నాలుగు రోజులుందనగా ఆ ఉత్తర్వుని మొదటి పెట్టె మీద అంటించి సరుకు మళ్లీ తీసుకెళ్లాడు. ఆఫీసు మొత్తం మీద చెక్క బల్ల ఉన్నది క్యాంటీన్‌లోనే. స్టోర్ కీపరు టీ గ్లాసులు జరిపించి, మూతలు తీసి, తొంభై ఆరూ లెక్కపెట్టి రాసుకున్నాడు. పెట్టెల మీద వంగి వంగి చూడటంలో ఆయన చేతి వాచీ ఆగిపోయింది. పదికి పది నిమిషాలు తక్కువ దగ్గర.

"అయ్యో సార్, బాగుచేయించి ఇస్తాను, ఇలా ఇవ్వండి."

స్టోర్ కీపరు వాచీ వంక చాలాసేపు చూశాడు. ఆఫీసు పదింటికి.

"వద్దు లెండి షావుకారు గారూ. ఉండనివ్వండి ఇలా."

మూడు రోజుల్లో డాక్టరమ్మ అయస్కాంతాలన్నీ గొట్టం చుట్టూ వరసలో బిగించింది. గడువు ఇంకొక్క రోజు ఉందనగా షావుకారిని పిలిపించి చిన్న కిటికీలోంచి చూడమంది. గొట్టం చివర, చీకట్లో, ఆవగింజంత నీలం వెలుగు కదలకుండా నిలబడి ఉంది. సెకనుకి ఐదొందల మీటర్లు పరిగెత్తినవే. మెట్టు మెట్టుకీ ధర వింటూ వచ్చి, చివరి మెట్టు మీద ఆగినవే.

"ఇంకొక్క రూపాయి తగ్గిస్తే సరేననేటట్టు చూస్తున్నాయమ్మా," అన్నాడు షావుకారు మెల్లగా. డాక్టరమ్మ నవ్వబోయి కళ్లు తుడుచుకుంది.

తాఖీదు రద్దయింది. కొట్టు పేరు ఏ జాబితాకీ ఎక్కలేదు. కొత్త గడియారం మీద వెయ్యి కోట్ల ఏళ్లకి ఒక్క సెకను కూడా తేడా రాదని రాసి ప్రధాన గడియారంగా ప్రకటించారు. మర్నాడు పొద్దున దాని ప్రకారం హాజరు వేశారు.

రెండొందల పన్నెండు మందిలో రెండొందల తొమ్మిది మంది ఆలస్యం. మిగిలిన ముగ్గురూ కాపలావాళ్లు, రాత్రి ఇంటికి వెళ్లలేదు.

భోజనాలయ్యాక అత్యవసర కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు సావధానంగా మొదలుపెట్టాడు.

"ఒకపక్క రెండేళ్ల మూడు నెలలు ఒక్కరోజు కూడా ఆలస్యం కాని సిబ్బంది. పతకం కూడా ఉంది. ఇంకోపక్క నిన్న చేరిన గడియారం. తేడా ఎవరిలో ఉందని అనుకోవాలి?"

"సార్, అది వెయ్యి కోట్ల ఏళ్లకి..." అని డాక్టరమ్మ లేచింది.

"వెయ్యి కోట్ల ఏళ్ల సంగతి అప్పటివాళ్లు చూసుకుంటారమ్మా. ఇవాళ పొద్దున సంగతి చెప్పండి."

స్టోర్ కీపరు చెయ్యెత్తి వాచీ చూపించాడు. అందులో ఇంకా పదవలేదు. సాక్ష్యంగా నమోదు చేశారు. సిబ్బంది వచ్చిన వేళలకి సగటు కట్టి, గడియారం నలభై ఏడు నిమిషాలు ముందు నడుస్తోందని తేల్చారు. సాయంత్రానికి ఆ మాట కాగితం మీద రాసి దానికి అంటించారు.

వారం తర్వాత షావుకారికి కొత్త ఆర్డరు కోసం కొటేషన్ అడుగుతూ ఉత్తరం వచ్చింది. 'పరమాణువులను నెమ్మదింపజేయుటలో తమకు గల అనుభవము దృష్ట్యా, ప్రధాన గడియారమును నలభై ఏడు నిమిషములు నెమ్మదింపజేయుటకు అయస్కాంతములు తొంభై ఆరు.'

భార్య చదివి, "వేస్తారా?" అంది.

షావుకారు లెక్క చూసుకున్నాడు. రెండు నెలల తిరుగుడు మీద మిగిలినవి ఇవి. కొట్టు ఉంది. పేరు ఉంది. ఫారాలు బీరువాలోకి మారాయి కాబట్టి భార్యకి మంచం కింద చోటు వచ్చింది. చీకట్లో ఆవగింజంత నీలం వెలుగు ఒకటి, ఏ గడిలో రాయాలో తెలియక, ఊరికే గుర్తుండిపోయింది. బీరువా ఇప్పటికీ గుండుసూదులు లాగుతోంది.

ఫారం తీసి కొటేషన్ రాశాడు. ఈసారి సరుకులో, అవి అంటుకోవడానికి, ఒక బీరువా కూడా చేర్చాడు.